తోంగ్‌పాల్‌లో ఆగిన బిల్లు

రాజధానిలో బస్తర్ ప్రసక్తి వస్తే సంభాషణ తుపాకుల లెక్కతో మొదలై తుపాకుల లెక్కతోనే ముగియడం రివాజు. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా గడువు ప్రకటించిన నాటి నుంచి పార్లమెంటు ఆవరణలో కూడా ఇదే ధోరణి బలపడింది. ఎందరు లొంగిపోయారు, ఎన్ని క్యాంపులు వెలిశాయి, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు పడింది అన్న మూడు ప్రశ్నలకు సమాధానాలు మంత్రుల ఫైళ్ళలో ఎప్పుడూ సిద్ధంగానే వుంటాయి. ఆ రోడ్డు వేసినవాడికి డబ్బు ముట్టిందా అన్న నాలుగో ప్రశ్నను మాత్రం ఏ సభ్యుడైనా వేయగా విన్న జ్ఞాపకం నాకు లేదు. నేను కూడా ఇన్నేళ్ళలో ఎన్నడూ వేయలేదని ఒప్పుకోవాలి.

ఆ ప్రశ్నను నా ఎదుట పెట్టింది తోంగ్‌పాల్‌లో ఒక టీ దుకాణం. జగదల్‌పూర్ నుంచి కొంటా మీదుగా మన వైపు దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారిపై, దర్భా లోయ దాటిన తర్వాత వచ్చే ఊరు ఇది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో పుట్టి, బస్తర్ అడవిని నిలువునా చీల్చుకుంటూ చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పొలిమేరలోని ఇబ్రహీంపట్నం వద్ద ముగిసే రోడ్డు ఇదేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. నేను డ్రైవరుతో తెలుగులో అన్న ఒక్క ముక్క విని, పక్క బల్లమీది మనిషి లేచి వచ్చాడు.

"సార్, మీది విజయవాడ పక్కనా? మాది ఖమ్మం జిల్లా. ఇక్కడ పన్నెండేళ్ళ నుంచి పనులు చేస్తున్నా."

పనులంటే కల్వర్టులు, పక్క కాలువలు, చిన్న చిన్న సిమెంటు రోడ్లు. టెండరు ఆయన పేరుమీద వుండదు. టెండరు వేసినవారు రాయపూర్‌లో వుంటారు. వారి దగ్గర పని పట్టినవారు జగదల్‌పూర్‌లో వుంటారు. వారి దగ్గర పట్టినవాడు ఈయన. ఈయన కింద మేస్త్రీలు, మేస్త్రీల కింద ఆ చుట్టుపక్కల పల్లెల కూలీలు, మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చినవారు. పై రెండు అంతస్తుల్లో డబ్బు ఆగవచ్చు. కింది అంతస్తులో ఆగడానికి వీల్లేదు. సంత రోజున కూలి చేతిలో పడకపోతే మర్నాడు మనిషి పనిలోకి రాడు. ముప్ఫై లక్షల పైచిలుకు రావాలని, పద్నాలుగు నెలలైందని ఆయన చెప్పాడు. సరుకుకు, కూలికి తెచ్చిన అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీ. ముప్ఫై లక్షల మీద నెలకు తొంభై వేలు. పనిలో నూటికి పది మిగిలిందనుకున్నా, ఆ మూడు లక్షలు నాలుగో నెల నిండకుండానే వడ్డీకి చెల్లిపోతాయి. తక్కిన పది నెలలూ ఆయన ప్రభుత్వానికి తన ఇంటినుంచి ఎదురు పెట్టుబడి పెడుతున్నట్లే లెక్క. ఈ హిసాబు ఆయన సిగరెట్టు పెట్టె వెనుక రాసి చూపించాడు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఈ రోడ్డు చరిత్ర తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2013 మే 25న సుక్మా నుంచి తిరిగివస్తున్న కాంగ్రెస్ నాయకుల వాహన శ్రేణిపై మావోయిస్టులు దాడి జరిపి మహేంద్ర కర్మతో సహా ఎందరినో హతమార్చిన జీరమ్ ఘాటీ ఈ దారిలోనే వుంది. తర్వాత పది నెలలకు, 2014 మార్చి 11న, తోంగ్‌పాల్ పోలీసు స్టేషన్ పరిధిలోని తాహక్‌వాడా వద్ద మరో దాడిలో పదిహేనుమంది భద్రతా సిబ్బంది, ఒక పౌరుడు మరణించారు. ఆ రోజు ఆ దళం బయలుదేరింది రోడ్డు పనికి కాపలా కాయడానికి. 2017లో భెజ్జి వద్ద పన్నెండుమంది, బుర్కాపాల్ వద్ద ఇరవై అయిదుమంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు బలి అయిందీ రోడ్డు పనుల కాపలాలోనే. తారు ధర, కంకర ధర టెండరులో వుంటాయి. ఈ ధర ఏ షెడ్యూలులోనూ కనిపించదు.

కేంద్రం మాత్రం రోడ్లకు డబ్బు కేటాయించడంలో లోభించలేదు. తీవ్రవాద ప్రాంతాల కోసం 2009 ఫిబ్రవరిలో ఆమోదించిన మొదటి పథకంలో ఎనిమిది రాష్ట్రాల్లోని 34 జిల్లాలకు అయిదు వేల నాలుగు వందల కిలోమీటర్లకు పైగా రోడ్లు ఇచ్చారు. 2016 డిసెంబరులో రెండో పథకం కింద 44 జిల్లాలకు 11,725 కోట్ల రూపాయల అంచనాతో మరో 5,412 కిలోమీటర్లు కేటాయించారు. కేటాయింపు వేరు, విడుదల వేరు, చెల్లింపు వేరు. ఈ మూడింటి మధ్య వున్న దూరాన్ని ఢిల్లీ పత్రికా సమావేశాల్లో ఎవరూ కొలవరు. దాన్ని కొలిచేది తోంగ్‌పాల్‌లో సిగరెట్టు పెట్టె వెనుకనే.

బిల్లు నడిచే దారిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తగాదా అంతా ఆ దారిలోనే పుడుతుంది. పని జరుగుతుంది. జూనియర్ ఇంజనీరు కొలతల పుస్తకంలో, అనగా పనివారి భాషలో ఎం.బుక్కులో, కొలతలు ఎక్కిస్తాడు. పై అధికారి వచ్చి సరిచూడాలి. ఆయన రావడానికి అడవిలో రక్షణ కావాలి, రక్షణ దొరికిన రోజు ఆయనకు సమీక్షా సమావేశం వుంటుంది. సంతకమైన తర్వాత బిల్లు డివిజన్‌కు పోయి, అక్కడి నుంచి ఖజానాకు పోతుంది. ఖజానాలో బడ్జెటు వుంటే డబ్బు వుండదు, డబ్బు వుంటే పైనుంచి అనుమతి వుండదు. మన తెలుగు రాష్ట్రాల కాంట్రాక్టర్లకు ఈ దశ బాగా పరిచితం: బిల్లుకు టోకెన్ నంబరు పడుతుంది, ఆ నంబరు నెలల తరబడి అలాగే వుంటుంది. ముందు వచ్చిన బిల్లుకు ముందు చెల్లించండి అన్న చిన్న కోరికకోసం వారు వినతిపత్రాలు ఇవ్వని మంత్రి లేడు.

ఈ జాప్యాన్ని అసమర్థత అనుకుంటే పొరబాటు. ఇందులో తెలివి వుంది. మన ప్రభుత్వాల లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు ఖజానా దాటినప్పుడే అది ఖర్చు. పని పూర్తయినా, సంతకాలన్నీ పడినా, చెల్లించని బిల్లు ఖర్చులో కనిపించదు, కనుక లోటులోనూ కనిపించదు. బహిరంగ మార్కెట్లో అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణం కింద కేంద్రం అనుమతి కావాలి. కార్పొరేషన్ల పేరిట చేసే దొడ్డిదారి అప్పులను సైతం రాష్ట్రాల పరిమితిలో కలుపుతామని 2022లో కేంద్రం కట్టడి చేసింది. ఇక మిగిలిన అప్పు ఒక్కటే. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, వడ్డీ లేదు, బాండు లేదు, శాసనసభ ఆమోదం లేదు. అదే కాంట్రాక్టరు బిల్లు. పార్టీ ఏదైనా సరే, ఆర్థికమంత్రి అయినవారందరికీ ఈ సౌకర్యం తొలి నెలలోనే అర్థమవుతుంది.

ఎంతటి అప్పు ఇది? 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం ప్రవేశపెట్టినప్పుడు సరఫరాదారులకు, కాంట్రాక్టర్లకు చెల్లించవలసిన బకాయిలను లక్షా 13 వేల కోట్ల రూపాయల పైచిలుకుగా చూపారు. ప్రతిపక్షం ఆ పత్రంలోని అంకెలను సవాలు చేసింది. అంకెలపై వాదం ఎలా వున్నా, ఇంతటి మొత్తం ప్రజలకు తెలియడానికి ఒక ప్రభుత్వం ఓడిపోవలసి రావడమే విచిత్రం. కొత్తవారు పాతవారి బకాయిలను లెక్కపెట్టి ప్రకటిస్తారు. తమ బకాయిలను లెక్కపెట్టే పనిని తర్వాత వచ్చేవారికి వదులుతారు.

ఢిల్లీ కూడా ఈ విద్యలో వెనుకబడలేదు. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కు 2024–25 బడ్జెటులో 70,163 కోట్లు చూపారు. సవరించిన అంచనాలో అది 22,694 కోట్లకు దిగింది. బడ్జెటు ప్రతుల్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే అచ్చయ్యాయి. సభలో దానిపై గొడవ జరగలేదు. ఆ రెండు అంకెల మధ్య తేడా అనేక రాష్ట్రాల్లో గొట్టాలు పాతి, ట్యాంకులు కట్టి కూర్చున్నవారి ఇళ్ళలో అప్పుగా మారింది. 2025 జూలైలో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ముప్ఫై అయిదేళ్ళ యువకుడొకడు ఉరివేసుకున్నాడు. ఈ పథకం కింద చేసిన పనికి కోటీ నలభై లక్షలు రావాలని కుటుంబం చెప్పింది. ప్రభుత్వం ఇచ్చిన జవాబు గమనించదగినది: మా రికార్డుల్లో అతని పేరిట ఏ పనీ లేదు, అతడు సబ్ కాంట్రాక్టరు. జవాబులో అబద్ధం లేదు. అందుకే అది అంత భయంకరంగా వుంది.

తోంగ్‌పాల్ మనిషికి నేను ఈ సంగతి చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

చట్టం లేదా అని పాఠకులు అడగవచ్చు. చట్టాలకు కొదవ లేదు. చిన్న పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. చెల్లించకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టి ఇవ్వాలి. వినడానికి పఠానీ వడ్డీ మాదిరిగా వుంది. కానీ రోడ్లు, భవనాల వంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు అభిప్రాయపడ్డాయి. వర్తింపజేసే ప్రయత్నాలూ జరిగాయి. ఈ చర్చలో న్యాయవాదులకు పని దొరికింది. 2024 ఏప్రిల్ నుంచి మరో కొరడా వచ్చింది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించని కొనుగోలుదారు ఆ మొత్తాన్ని ఆ ఏడు తన ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి వీల్లేకుండా ఆదాయపన్ను చట్టాన్ని సవరించారు. దుకాణదారు భయపడ్డాడు, మిల్లు యజమాని భయపడ్డాడు. ప్రభుత్వం ఎందుకు భయపడుతుంది? అది ఆదాయపన్ను కట్టదు కదా!

తగాదా పెట్టుకోవాలంటే దారి ఏది? ఇక్కడ ఒక చిన్న చారిత్రక విశేషం వుంది. 1983లో అవిభక్త మధ్యప్రదేశ్ ప్రభుత్వం తన పనుల కాంట్రాక్టుల తగాదాలన్నిటికీ ఒక ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పరుస్తూ చట్టం చేసింది. కాంట్రాక్టు పత్రంలో ఏమి రాసుకున్నా అక్కడికే పోవాలి. అదే 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై వేల రూపాయలు మించిన క్లెయిములను మధ్యవర్తుల చేతినుంచి తీసి సివిల్ కోర్టుల పాలుచేసింది. మధ్యవర్తులు కాంట్రాక్టర్ల పక్షాన తీర్పులిస్తున్నారన్నది నాటి సర్కారుల సామాన్య ఫిర్యాదు. మధ్యప్రదేశ్ చట్టం 2000లో ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది, ట్రిబ్యునల్ రాయపూర్‌లో వుంది. తోంగ్‌పాల్ నుంచి రాయపూర్ మూడు వందల కిలోమీటర్లకు పైమాట. దూరం పెద్ద ఇబ్బంది కాదు, బస్సు వుంది. ఇబ్బంది ఏమంటే, ఆ గుమ్మం ఎక్కడానికి ప్రభుత్వంతో ఒప్పందం వుండాలి. మన మనిషికి ఒప్పందం జగదల్‌పూర్ పెద్దమనిషితో మాత్రమే వుంది, అదీ నోటిమాట.

అసలు ప్రభుత్వంతో ఒప్పందమంటే రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పేరిటనో గవర్నరు పేరిటనో జరగాలి. నోటిమాటతో పని చేయించుకుని, తర్వాత కాగితం లేదని చెల్లించకపోవడం మన దొరతనాలకు కొత్త కాదు. 1944లో బెంగాల్ పౌర సరఫరాల శాఖవారు ఒక కాంట్రాక్టరు చేత ఆరాంబాగ్‌లో గిడ్డంగి, మట్టిరోడ్డు, వంటగది కట్టించుకుని, కాగితం సరిగా లేదని బిల్లు ఎగవేశారు. ఇరవై వేల రూపాయలకు లోపు సంగతి. ఉచితంగా ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనిని అనుభవించినవాడు పరిహారం ఇచ్చుకోవాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది, ప్రభుత్వానికీ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చింది 1961 డిసెంబరులో. న్యాయ విద్యార్థులు ఆ తీర్పును ఇప్పటికీ కంఠస్థం చేస్తారు. పదిహేడేళ్ళు ఆ కాంట్రాక్టరు ఏం తిని బతికాడో ఏ పాఠ్యగ్రంథమూ చెప్పదు.

పెద్దవారి మాట వేరు. పెద్ద నిర్మాణ సంస్థలకు రావలసిన బకాయిలతో బ్యాంకుల అప్పులు మునుగుతున్నాయని గ్రహించిన కేంద్ర మంత్రివర్గం 2016 ఆగస్టులో ఒక నిర్ణయం తీసుకుంది. మధ్యవర్తి తీర్పు వచ్చి, దానిపై ప్రభుత్వ సంస్థ కోర్టుకు పోయినా, బ్యాంకు గ్యారంటీపై 75 శాతం ముందుగా చెల్లించాలన్నది ఆ నిర్ణయం. 2023లో 'వివాద్ సే విశ్వాస్' రెండో పథకం వచ్చింది. మధ్యవర్తి తీర్పు గెలిచినవారు 65 శాతం వరకు, కోర్టులో గెలిచినవారు 85 శాతం వరకు పుచ్చుకుని తగాదా ముగించవచ్చు. గెలిచినవాడు ఓడినవాడికి రాయితీ ఇవ్వడం ఈ పథకంలోని విశ్వాసం. 2024 జూన్‌లో ఆర్థికశాఖ మరో ఉత్తర్వు ఇచ్చింది. ఇకపై కాంట్రాక్టుల్లో మధ్యవర్తిత్వపు షరతును యాంత్రికంగా చేర్చవద్దు, చేర్చినా పది కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయండి అని. మధ్యవర్తుల ముందు సర్కారు తరచుగా ఓడిపోవడమే దీనికి మూలమని వేరే చెప్పనక్కరలేదు. సర్కారు ఎందుకు ఓడిపోతున్నదో తేల్చుకోవడం కంటే పందెం మానుకోవడం సులువు కదా.

అధికారుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చెల్లించిన ఇంజనీరును విజిలెన్సు అడుగుతుంది, ఆడిట్ అడుగుతుంది, పదవీ విరమణ తర్వాత కూడా అడుగుతుంది. చెల్లించని ఇంజనీరును ఎవరూ అడగరు. ఆలస్యమైనందుకు ఖజానా లక్షల్లో వడ్డీ కట్టుకున్నా ఆ సంతకం ఎవరిదో తేలదు. కోర్టు చెప్పేవరకు ఆగి, కోర్టు చెప్పింది కనుక ఇచ్చాం అని ఫైలులో రాసుకోవడమే క్షేమమని ఏ అధికారి అయినా అనుకుంటాడు. ఆయన స్థానంలో నేనున్నా బహుశా అదే అనుకునేవాణ్ణి.

భద్రాచలం ఈ రోడ్డు పక్కనే వుంది కనుక రామదాసు గుర్తుకు రాక మానడు. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న ఖజానాకు జమ చేయవలసిన సొమ్ముతో గుడి కట్టించినందుకు గోల్కొండ చెరలో ఏళ్ళ తరబడి మగ్గాడు. దేవుడే దిగివచ్చి తానీషాకు మాడలు చెల్లించి రసీదు పుచ్చుకున్నాడని మనవారి నమ్మకం. ఖజానాకు బకాయి పడినవాడి కథ అది. ఖజానాయే బకాయి పడినప్పుడు చెరలో వుండేది ఎవరు, మాడలు తెచ్చేది ఎవరు అన్న కథను ఏ భక్తుడూ రాయలేదు.

బకాయి తీరడానికి దేవుడు కాక మరో దారి ప్రభుత్వ మార్పు. తీరకుండా ఆగిపోవడానికీ అదే దారి. 2018–19లో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సిమెంటు రోడ్లు, పంచాయతీ భవనాలు కట్టినవారి బిల్లులు 2019లో ప్రభుత్వం మారగానే విచారణల పేరిట ఆగిపోయాయి. విచారణ జరగడంలో తప్పులేదు, తేలకపోవడంలోనే వుంది రాజకీయం. 2021 అక్టోబరులో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరితో పదవీకాలం ముగిసిన సర్పంచులు, తాము సొంత డబ్బుతో చేయించిన పనుల బిల్లులకోసం ఊరేగింపులు తీశారు, అరెస్టయ్యారు. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు ఏకంగా హైదరాబాద్ సచివాలయంలోకి వచ్చి ఆర్థికశాఖ చూస్తున్న ఉపముఖ్యమంత్రి ఛాంబరు ఎదుట బైఠాయించారు. కర్ణాటకలో 2022 ఏప్రిల్‌లో బెళగావి కాంట్రాక్టరు ఒకరు మంత్రిపై ఆరోపణ చేసి ఉడుపి లాడ్జిలో ప్రాణం తీసుకున్నాడు. మంత్రి రాజీనామా చేశారు, తర్వాత పోలీసు దర్యాప్తు ఆయన దోషం లేదని నివేదించింది. పని ఆదేశం కాగితం లేకుండానే రోడ్లు వేశాడన్నది ఆ వివాదంలో కీలకాంశం. మళ్ళీ అదే ఆరాంబాగ్.

కాంట్రాక్టర్లందరూ పీడితులేనని నేను అనబోవడం లేదు. అంటే బస్తర్ పాత్రికేయులు నన్ను క్షమించరు. బీజాపుర్ జిల్లాలో నెలస్నార్ నుంచి గంగాలూర్ పోయే రోడ్డు నాణ్యతపై వార్త బయటపెట్టడంలో పాలుపంచుకున్న యువ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న అదృశ్యమయ్యాడు. 3వ తేదీన అతని శవం ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడుగా పోలీసులు పేర్కొన్న ఆ కాంట్రాక్టరు పట్టుబడింది మన హైదరాబాద్‌లోనే. అది సుమారు 120 కోట్ల పని. బిల్లు ఆగిపోయిన కల్వర్టు వున్న అడవిలోనే ఇలాంటి బిల్లులూ నడిచాయి. ఎవరి బిల్లు నడుస్తుంది, ఎవరిది ఆగుతుంది అన్నది కొలతల పుస్తకం నిర్ణయించడం లేదన్నమాట.

అడవిలో ఇంకో పద్దు కూడా వుండేది. పని జరగనివ్వడానికి లోపలివారికి కట్టవలసిన 'లెవీ'. దానికి రసీదు వుండదు, ఓచరు వుండదు, ఏ హెడ్ కింద రాసుకోవాలో తెలియదు. 2011లో దంతెవాడ వైపు ఒక సంతలో ఇలాంటి సొమ్ము చేతులు మారుతున్నదని కాంట్రాక్టరును, మరికొందరిని పట్టుకున్నారు. ఆ కేసులో నిందితులు 2022లో నిర్దోషులుగా బయటపడ్డారు. తోంగ్‌పాల్ మనిషిని ఈ విషయం అడిగాను. ఆయన టీ గ్లాసు వైపు చూస్తూ, "ఆ రోజులు వేరు సార్" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళకి ఆలస్యమైతే వాళ్ళు వడ్డీ అడగలా, మిషను కాల్చారు. వీళ్ళు కాల్చరు, సంతకం పెట్టరు" అన్నాడు. ఇంతకు మించి ఆయనను కదిలించడం నాకు భావ్యమనిపించలేదు.

కాంట్రాక్టరుకంటే కింద వున్నవారి సంగతి చూడకపోతే ఈ కథ సగమే. తోంగ్‌పాల్ చుట్టుపక్కల కొండల్లో తగరపు ఖనిజం వుంది, ఆదివాసులు దాన్ని కడిగి, పోగుచేసి అమ్ముతారు. ఎండాకాలంలో తునికాకు కోస్తారు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. బస్తాకు 2019 నుంచి 4,000, 2024 నుంచి 5,500 రూపాయలు ఇస్తున్నారు. దీనిపై లాభంలో వాటాగా తర్వాత బోనసు రావాలి. సుక్మా అటవీ డివిజన్‌లో 2021, 2022 సంవత్సరాల బోనసు సుమారు ఏడు కోట్ల రూపాయలు కోసినవారికి చేరకుండానే స్వాహా అయిందన్న ఆరోపణపై 2025లో డివిజనల్ అటవీ అధికారిని సస్పెండ్ చేసి, ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. ఫిర్యాదు చేసినవారిలో వున్న మాజీ శాసనసభ్యుడు మనీశ్ కుంజాం ఇంట్లోనే సోదాలు జరగడం ఆ కేసులోని వింత. యాభై వేల ఆకులు లెక్కపెట్టి కట్టిన చేతికి బోనసు ఎందుకు రాలేదో మూడేళ్ళు ఎవరూ చెప్పలేదు. అడగడానికి ఆ చేతికి టోకెన్ నంబరు కూడా వుండదు.

ఇంతసేపూ ప్రభుత్వాన్ని ఎగవేతదారుగానే చూశాం. ప్రభుత్వమే కాంట్రాక్టరుగా నిలబడిన ఉదాహరణ ఒకటి ఈ రోడ్డు చివరనే వుంది. తోంగ్‌పాల్ దాటి పోతే వచ్చే కొంటా పోలవరం వెనుకనీటి ముంపు భయంతో వున్న ఊరు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 90వ సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. కట్టే పనిని 2016లో రాష్ట్రమే కోరి తెచ్చుకుంది. నాటి నుంచి వరుస ఏమిటి? రాష్ట్రం ముందు ఖర్చు పెట్టాలి, బిల్లులు ఢిల్లీకి పంపాలి, పరిశీలన తర్వాత కేంద్రం తిరిగి చెల్లించాలి. 2013–14 ధరలా, 2017–18 ధరలా? ఇరవై వేల కోట్లా, యాభై అయిదు వేల కోట్లా? శ్రమశక్తి భవన్ మెట్లపై ఈ ప్రశ్నతో తిరిగిన మన మంత్రులను, ఇంజనీర్లను నేను ఏళ్ళ తరబడి చూశాను. తోంగ్‌పాల్ మనిషి ముఖంలో చూసిన అలసటే వారి ముఖాల్లోనూ వుండేది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం తొలిదశకు మొత్తం వ్యయాన్ని 30,436.95 కోట్లుగా అంగీకరించి, మిగిలిన 12,157.53 కోట్లకు ఆమోదం ఇచ్చింది. కాపర్ డ్యాములు ఏమయ్యాయో, డయాఫ్రం గోడ ఎలా దెబ్బతిన్నదో, ఎవరి నేరమో ఆ తగాదా వేరే. కానీ తన బిల్లు ఢిల్లీలో ఆగితే అన్యాయమని మొరపెట్టుకున్న ప్రభుత్వానికి, తన గుమ్మం ముందు ఆగిన బిల్లు కనబడకపోవడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బయలుదేరే ముందు ఆ మనిషి సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఎం.బుక్కులోని ఒక పుటకు జెరాక్సు. "ఢిల్లీలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చూపించండి సార్. ఇది డివిజన్లోనే వుందో, ఖజానాకి పోయిందో, అది తెలిస్తే చాలు" అన్నాడు. ఒక రాష్ట్ర డివిజన్ బిల్లు ఆచూకీ ఢిల్లీలో తెలియదని చెప్పాను. "మీ పేపరోళ్ళకి తెలియందేముంటది సార్" అని నవ్వాడు. తీసుకోక తప్పలేదు.

ఆడిట్ అండ్ అకౌంట్స్ శాఖలో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు కరోల్ బాగ్‌లో వున్నారు. వారికి చూపించాను. కళ్ళజోడు సరిచేసుకుని పొడవు, వెడల్పు, లోతు అన్నీ వేలితో కూడుకుంటూ చదివారు. "కొలతలు సరిగ్గా వున్నాయి. గుణకారం కూడా తప్పలేదు. చక్కని పని" అన్నారు. తర్వాత కాగితం తిరగేసి చూసి, "మీవాడి పేరెక్కడ?" అని అడిగారు.

గత వారం తోంగ్‌పాల్‌కు ఫోను చేశాను. పేరు వుండదని తనకు ముందే తెలుసునట. బిల్లు సంగతి ఏమైనా తెలిసిందా అని మాత్రం మళ్ళీ అడిగాడు. తెలియలేదన్నాను. కాంక్రీటు మిక్సరును చింతూరులో ఒకరికి అమ్మి ఇద్దరు మేస్త్రీల బాకీ తీర్చాడట. వైబ్రేటర్లు రెండూ మాత్రం ఇంకా తన దగ్గరే వున్నాయని చెప్పాడు.